మా ఇనుప మేళం

మొన్న మంగళవారం పొద్దున, పదిన్నర దాటిన అయిదు నిమిషాలకు, మా ఊరి నాపరాళ్ల గని పక్కనున్న రాతితుక్కు దిబ్బలోంచి పొక్లెయిన్ ఒక గడ్డపారను పైకి లాగింది. నా చేతికి గడియారం లేదు గానీ కమలాపురం పోయే పదిన్నర బస్సు అప్పుడే మలుపు దాటింది, దాని దుమ్ము ఇంకా అణగలేదు. పొక్లెయిన్ తొట్టిలోంచి పార జారి బండ మీద పడి మోగింది. తుప్పు పట్టి, ఎర్రమన్ను కరుచుకుపోయి ఉన్నా, కడుపులోంచి వచ్చినట్టు లావుగా, చివర్న కొంచెం వణుకుతూ మోగింది. ఆ మోత నాకు తెలుసు. అరవై ఏండ్లయినా తెలుసు. తడిసిన పాత ఇనుము వాసన గుప్పున కొట్టింది.

ఆ పారను ఆ దిబ్బ కింద దాచింది నేనే. ఆ మాట మస్తానుకు చెప్పాలని అరవై ఏండ్లుగా అనుకుంటూనే ఉన్నాను. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటినాక, పొదుపు సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గయి. సొగసు చేసి రాయడం నాకు చేతకాదు. జరిగింది రాస్తాను.

మస్తాను మా పక్కింటి ఖాదరు మామ కొడుకు, నాకంటే ఒక ఏడు పెద్ద. మా నాయన, ఖాదరు మామ ఒకే గనిలో జోడీగా బండలు లేపేవాళ్లు. అప్పట్లో గని అంటే ఇప్పటి మాదిరి నాచు పట్టిన నీళ్ల గుంత కాదు. ఎండాకాలంలో పొద్దెక్కక ముందే బండలు పెనం మాదిరి కాగి, తూటాలు పేలినాక లేచే మందు వాసనా, పొగాకు వాసనా, మనుషుల చెమట వాసనా కలిసి గుంత నిండా నిలిచేవి. వానాకాలంలో అదే గుంతలో మోకాటి లోతు నీళ్లు చేరితే మేము పాతగుడ్డలతో చేపపిల్లలు పట్టేవాళ్లం. చలికాలం పొద్దున్నే కందికట్టె మంట వేసుకొని పెద్దోళ్లు చుట్టూ కూర్చొని తమతోపాటు పారలను కూడా వెచ్చచేసుకునేవాళ్లు, చల్లటి ఇనుము అరచేతిని కొరుకుతుందని. మధ్యాహ్నం జొన్నరొట్టె మీద ఊరిబిండి పచ్చడి వేసుకొని, ఎర్రగడ్డను పిడికిలితో పగలగొట్టుకొని తిని, కొట్టం నీడన ఒక కునుకు తీసేవాళ్లు. ఆ కునుకు సేపు గని మాది.

గడ్డపార కొత్తగా వచ్చినప్పుడు మనిషంత ఉంటుంది. బండల పొరల సందులో దూర్చి దూర్చి మొన అరిగిపోతే, ఓబులాచారి తన కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి మళ్లీ మొన సాగగొడతాడు. కొట్టిన ప్రతిసారీ పార కొంచెం కురచవుతుంది. కొన్నేండ్లకు నడుమంత అవుతుంది, ఆ తర్వాత మూరెడు. కురచయ్యే కొద్దీ దాని గొంతు సన్నబడుతుంది. పార గొంతు ఎప్పుడూ ఒక్కతీరుగా ఉండదని గని పిల్లలకు తప్ప ఎవరికీ తెలీదు.

దాన్ని మొదట కనిపెట్టింది మస్తాను. వాళ్ల నాయనకు వచ్చిన కొత్త పారను తాడుతో తుమ్మకొమ్మకు వేలాడదీసి సుత్తితో తట్టినాడు. ఎద్దు రంకె వేసినట్టు వినిపించింది. దానికి ఎద్దు అనే పేరు పెట్టినాం. దాని పక్కన మా నాయన పాత పారను కట్టినాం, అది నడుమంతే ఉండేది, దాని గొంతు సన్నం, దాన్ని గువ్వ అన్నాం. గువ్వను కొట్టేది నేను. గంగన్న అనేవాడు విరిగిన బండిచక్రం మీది ఇనుప పట్టాను తెచ్చినాడు. మస్తాను అక్క హుసేని అరిగిపోయిన రెండు ఉలిముక్కలను ఒకదానికొకటి తాకించేది. ఇదీ మా మొదటి జట్టు, నలుగురం. గంగన్నకు తాళం రాదు, ఇప్పుడు చెప్పినా తప్పులేదు. హుసేనికి వచ్చినంత తాళం మాలో ఎవరికీ రాలేదు.

పెద్దోళ్లు తిట్టినారు, నవ్వినారు. ఓబులాచారి కొలిమి కాడినుంచి, మీ నాయనలు బండలు లేపుతాంటే మీరు సచ్చినోళ్లను లేపుతాండారు గదరా అని అరిచేవాడు. ఖాదరు మామ ఒక్కడే తిట్టలేదు. తలకింద తువ్వాలు మడిచిపెట్టుకొని కండ్లు మూసుకొని పడుకొని, "వాయించుకోండప్పా. మొన మాత్రం బండకు తగలనీయాకండి," అనేవాడు. నిద్రపోతున్నాడని అనుకునేవాళ్లం గానీ ఆయన కాలి బొటనవేలు మా తాళానికి ఆడుతూ ఉండేది.

రెండో ఎండాకాలానికి గంగన్న వాళ్లు బేతంచెర్ల గనులకు వలస పోయినారు. బండిచక్రం పట్టాను కూడా ఎత్తుకొనిపోయినాడు, దాని కోసం వాళ్ల బండి వెంట ఏడ్చుకుంటా పోయి తెచ్చుకోలేక తిరిగొచ్చినాం. వాడి చోటుకు మా తమ్ముడు చిన్నోడు కిరసనాయిలు డబ్బాతో వచ్చినాడు. ఆ ఏడే హుసేని పెద్దమనిషయింది, ఇంట్లోంచి రానీయలేదు. దాని ఉలిముక్కలు నేను నడుముకు కట్టుకొని, ఒక చేత్తో గువ్వను కొడుతూ రెండో చేత్తో వాటిని ఆడించేదాన్ని. హుసేని గోడ అవతల నిలబడి, నేను తప్పు కొట్టినప్పుడల్లా గోడను చిన్నగా తట్టేది.

అట్లా ముగ్గురమే మిగిలిన ఏడు పీర్ల పండగ వచ్చింది. మా ఊర్లో పీర్లను ఎత్తేది సాయిబులూ, రెడ్లూ, మాదిగోళ్లూ అందరూ. పీర్లను నిలబెట్టే మకానం ముందు గుండం తవ్వి వేపమొద్దులు కాల్చేవాళ్లు, ఇంటింటా మలీదా ముద్దలు, బెల్లం పానకం. పీర్లకు కట్టిన పట్టుదట్టీల నిండా ఊదు వాసన, వారం దాకా మా తలల్లో నుంచి పోయేది కాదు. పీర్లు ఏటికి పోయే పొద్దు, మధ్యాహ్నం పూట, డప్పులోళ్లు అలిసి నీళ్లు తాగుతుంటే ఖాదరు మామ మా పారలను మకానం ముందరి చింతకొమ్మకు తానే కట్టినాడు. మేము వాయించినాం. ఎద్దు గొంతు ఆ పొద్దు పలికినట్టు ఎన్నడూ పలకలేదు. పీరును ఎత్తుకున్న ముసలాయన మా ముందర నిలబడి ఊగినాడు. జనం కదల్లేదు. కమలాపురం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, వచ్చే శుక్రవారం మా ఉరుసుకు తీసుకురాప్పా ఈ పిల్లోళ్లను అని ఖాదరు మామతో అన్నాడు. నాకు పదేండ్లు. ఆ మాట విన్నప్పటినుంచి శుక్రవారానికి దినాలు లెక్కపెట్టుకుంటూ తిరిగినాను.

ఆ ఆదివారం సాయంత్రం మస్తాను ఎద్దును కొలిమి కాడికి మోసుకుపోయి, మిగతావాళ్ల పారల పక్కన గోడకు ఆనించి, ఇంటికి పోయినాడు. పండగ దినాల్లో దాని మొన తీయించలేదు, బాగా మొద్దుబారి ఉంది. నేను చూస్తూ ఉన్నాను. ఓబులాచారి దాన్ని కాల్చి కొడితే కురచవుతుంది, కురచయితే గొంతు మారుతుంది, శుక్రవారం ఉరుసులో అది ఎద్దు కాదు. నా బుర్రలో ఇంతకు మించి ఇంకేమీ లేదు. ఆచారి లోపలికి పోయినప్పుడు దాన్ని భుజాన వేసుకొని, రెండుసార్లు పడి లేచి, గని పక్కన తుక్కు దిబ్బ కింద బండముక్కల సందులో దూర్చినాను. అయిదు దినాలు మామ వేరే పారతో పని చేసుకుంటాడు, శుక్రవారం బయటికి తీద్దామనుకున్నాను. మస్తానుకు కూడా చెప్పలేదు. వాడు నిజం తప్ప చెప్పలేడు, వాళ్ల నాయన అడిగితే చెప్పేస్తాడు.

సోమవారం పొద్దున ఖాదరు మామ తన పార కనబడక, ఎవరిదో మొన అరిగిన పార అరువు తీసుకొని గనిలోకి దిగినాడు. మంచం అంత బండను మా నాయన ఒకపక్క, ఆయన ఒకపక్క లేపినారు. ఆయన చేతిలోని పార మొన జారింది. బండ ఆయన రొమ్ము మీదికి వచ్చింది. ఎనిమిది మంది కలిసి తీసినా, తీసేసరికి ఏమీ లేదు. అప్పుడు నేను దిబ్బ పక్కనే ఉన్నాను. పారను తీద్దామనుకున్నానా, పరిగెత్తుదామనుకున్నానా, ఇప్పటికీ తెలీదు. ఊరికే నిలబడినాను.

పార ఏమైందని అందరూ మస్తానును అడిగినారు. కొలిమి కాడ పెట్టినానని చెప్పినాడు. నా చేతికి రాలేదని ఓబులాచారి ఒట్టు పెట్టుకున్నాడు, అదీ నిజమే. మేళమని ఎగురుతూ యాడనో పారేసినాడు, నాయన పానం తీసినాడు అని ఊరు ఊరంతా అనేసింది. వాళ్లమ్మ కూడా అనింది. ఏడాది పొడుగునా, ఎవరు అడిగినా అడక్కపోయినా, "కొలిమి కాడనే పెట్టినా" అని చెప్పుకుంటూ తిరిగినాడు. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. రేపు చెప్దాం అనుకున్నాను. ఈలోపు రోజూ తట్టలు తట్టలు తుక్కు తెచ్చి ఆ దిబ్బ మీద పోస్తూ ఉన్నారు, అది నా ఎత్తు అయింది, ఇంటి ఎత్తు అయింది. ఇంక తవ్వేది లేదు, చెప్పేది లేదు.

పదకొండేండ్ల మస్తాను నాయన చోటులో గనిలోకి దిగినాడు, మళ్లీ సుత్తిని మేళానికి పట్టలేదు. వాడు లేకుండా చిన్నోడు ఇంకో ఇద్దరు పిల్లోళ్లను చేర్చి నాలుగైదేండ్లు వాయించినాడు. ఎద్దు లేని మేళం, డబ్బాల చప్పుడు. నాకు పద్నాలుగేండ్లకు మేనమామతో పెండ్లయింది, ఆ మరుసటి ఏడు గువ్వ అరిగి అరిగి చేతికి కూడా రానంత కురచయితే దాన్ని మేకుల కింద కొట్టించినారు. అంతటితో మేళం లేదు.

చిన్నోడు నలభై దాటకుండానే రాతిదుమ్ము దగ్గుతో పోయినాడు. గంగన్న యాడ ఉన్నాడో, ఉన్నాడో లేడో. హుసేని ప్రొద్దుటూరులో కొడుకు కాడ ఉండాది, ఒకసారి కలిసినప్పుడు ఉలిముక్కల మాట ఎత్తితే దానికి గుర్తే లేదు. ఇప్పుడు ఇండ్లకు టైల్స్ వేసుకుంటున్నారు, మా బండలు ఎవరికీ అక్కర్లేదు. కొలిమి ఉన్న చోట సెల్‌ఫోను రీచార్జి అంగడి. గని నిండా నీళ్లు. తుక్కు దిబ్బలను రోడ్డు కిందికి వేయడానికి ఎత్తుకుపోతున్నారు.

మస్తాను మాత్రం ఈడనే ఉన్నాడు. డ్రిల్లు మిషను మీద ముప్పై ఏండ్లు పని చేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. పక్కన తూటా పేలినా తల తిప్పడు. మంగళవారం కూడా టీ అంగడి ముందర బండ మీద కూర్చొని ఉన్నాడు. పార మోగింది వినలేదు. అందరం దిబ్బ పక్క చూస్తుంటే లేచి వచ్చినాడు. గొంతుక్కూర్చొని, పై కొనన మన్ను గోటితో గీకినాడు. ఖాదరు మామ తన పారకు పెట్టుకున్న మూడు గాట్లు బయటపడినాయి. వాటిని ఒకటి, రెండు, మూడు అని వేలితో తడిమినాడు.

"నాయనదే," అని నా దిక్కు తిరిగినాడు. "చూడు ఓబులీ. కొలిమి కాడ పెట్టలేదు నేను. ఈడ పారేసినా. అందరూ చెప్పిందే నిజం."

నేను వాడి చెవిలో నోరు పెట్టి అరిచినాను, దాచింది నేను, నేను అని. అందరి మాటలకూ ఊపినట్టే తల ఊపినాడు. నన్ను చూపించుకున్నాను, పారను చూపించినాను, దిబ్బను చూపించినాను. మామను తలుచుకొని ఏడుస్తున్నాననుకొని నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు సుద్దముక్క లాంటి తెల్లరాయి తీసుకొని, పక్కనున్న నల్లబండ మీద, నాకొచ్చినంత పెద్ద అక్షరాలతో రాసినాను: పార దాచింది నేను. మస్తాను బడి గడప తొక్కినోడు కాదు. బండ పక్కన కూర్చొని, అక్షరాలను ఒక కొన నుంచి ఇంకో కొనకు చూసినాడు.

"బాగా నేర్చినావే," అన్నాడు.

పాతఇనుము కొనే బండివాడు పార కావాలా అని మస్తానును సైగ చేసి అడిగితే, వద్దని చెయ్యి ఊపినాడు. బండివాడు దాన్ని బండిలో విసిరినాడు. అది ఇంకోసారి మోగింది, అంతే లావుగా. కొలిమికి పోలేదు కదా, ఒక్క వేలు కూడా కురచ కాలేదు.

ఆ పొద్దు ఆడ ఉన్నోళ్లు: పొక్లెయిన్ తోలే, తెలుగు రాని ఒడిశా పిల్లోడు రబీంద్ర, పాతఇనుము బండి మాబు, టీ అంగడి రామసుబ్బమ్మ, ఖాదరు మామ కొడుకు మస్తాను, ఓబులమ్మ, అంటే నేను.