ఓవర్‌కోట్ల స్టూడియో

పోయిన వారం మా మరదలి కొడుకు సౌదీలోని ధహ్రాన్ నుంచి నా ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. వాడు అక్కడ ఇంజనీరు. మేము ఒకప్పుడు కాపురమున్న ఊళ్లోనే ఇప్పుడు వాడూ ఉంటున్నాడు కాబట్టి, పెద్దనాన్నకి సరదాగా ఉంటుందని అప్పుడప్పుడు ఏదో ఒకటి పంపుతూ ఉంటాడు, ఒకసారి కొత్తగా వేసిన రోడ్డు, ఒకసారి ఖర్జూరాల దుకాణం. ఈసారి పంపింది అక్కడి సైట్లలో పనిచేసే మనవాళ్ల కోసం తెలుగులో చేసిన ఒక చిన్న చిత్రం, ఎండలో పనిచేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల గురించి. అందులో మాట్లాడే గొంతు మనిషిది కాదట, కంప్యూటరుదట, రాసింది ఇస్తే ఏ భాష కావాలంటే ఆ భాషలో క్షణాల మీద చదివి పెడుతుందట. ఉచ్చారణకి వంక పెట్టడానికి లేదు. అయినా రెండోసారి వింటూంటే ఏదో వెలితిగా తోచింది. జీవితమంతా గొంతులు వినడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, అదేమిటో నాకు తట్టనే లేదు, వంటింట్లో నుంచి వచ్చి మా ఆవిడ అనేదాకా. ఆవిడ ఏమన్నదో చెబితే మీకు అర్థం కావాలంటే ముందు మా ఓవర్‌కోట్ల కథ చెప్పుకోవాలి.

నేను పుట్టింది కాకినాడ దగ్గర, పని నేర్చింది మద్రాసులో, స్థిరపడింది లండన్‌లో. సౌండ్ రికార్డిస్టు అంటే మన తరంలో చాలామందికి తెలియదు, మా మేనమామ అయితే చివరిదాకా నేను పెళ్లిళ్లకి మైకులు కట్టేవాణ్ణనే అనుకున్నాడు. డాక్యుమెంటరీలు తీసేవాళ్ల వెంట చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొడుగాటి కర్రకి మైకు కట్టుకుని ఊళ్లు తిరగడం నా పని. మా ఆవిడది జగిత్యాల వైపు. చదువుకోవడానికి లండన్ వచ్చి, ఒక రేడియోలో కార్యక్రమాలు తయారుచేసి వినిపించే ఉద్యోగం సంపాదించుకుంది, నేను నా పని చేసేదానికన్నా ఆవిడ తన పని బాగా చేసేది, ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ వివాదం కాలేదు. లండన్‌లో పనులు పలచబడిన ఒక ఏడాది, చమురు కంపెనీలకు శిక్షణ చిత్రాలు తీసిపెట్టే చిన్న సంస్థ ఒకటి ధహ్రాన్‌కి రమ్మని నన్ను పిలిచింది. రెండేళ్ల ఒప్పందం. మా ఆవిడకి రేడియోవాళ్లు ఆరు నెలలు జీతం లేని సెలవు ఇచ్చారు, ఆరు నెలల తరువాత తిరిగి రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని మర్యాదగానే చెప్పారు. ఉండడమా, వెళ్లిపోవడమా అన్నది ఆవిడే తేల్చుకోవాలని, నేను ఒక్క మాట కూడా అనకూడదని ఇద్దరం ఒప్పుకునే విమానం ఎక్కాం.

సామాను సర్దేటప్పుడు నేను మా ఓవర్‌కోట్లన్నీ పెట్టెలో పెట్టాను. ఎడారిలో చలి ఎముకలు కొరుకుతుందని ఎవరో చెప్పారు. ఎండలు మండే దేశానికి అయిదు ఉన్ని కోట్లు మోసుకుపోయే మనిషిని తానెక్కడా చూడలేదని మా ఆవిడ విమానంలో పక్కసీటు ఆమెకి కూడా చెప్పి నవ్వించింది. తీరా మేము దిగింది ఎండలు మొదలయ్యాక, ఆ తరువాత చూసిన ధహ్రాన్ చలికాలం కూడా స్వెట్టరుతో సరి. ఆ కోట్లు పడకగది అలమరలో వరసగా వేలాడుతూ, అలమర తలుపు తీసినప్పుడల్లా నన్ను వెక్కిరిస్తూ ఉండేవి.

ఇక అక్కడ అలవాటు పడడం గురించి చెప్పాలంటే, నాది బ్రిటిష్ పాస్‌పోర్టు, మొహం మాత్రం గోదావరి జిల్లాది. మా యూనిట్‌కి పెద్ద ఒక వేల్స్ ఆయన, ఆయనా నేనూ ఒకే కారులో వెళుతూంటే గేటు దగ్గర కాపలావాళ్లు ఆయనకి సలాం చేసి, స్టీరింగు ఆయన చేతిలోనే ఉన్నా సరే, నన్ను డ్రైవర్ అనుకుని ఇకామా చూపించమని హిందీలో అడిగేవారు. ఇకామా అనే నివాస కార్డు అక్కడ మనిషి ఉనికికి రుజువు, అది జేబులో లేకపోతే మనం లేనట్టే. ఇంగ్లీషువాళ్ల విందుల్లోనేమో, ఎవరో ఒకరు నా అసలు ఊరు ఏదని రెండోసారి అడిగేవారు. ఇటు వాణ్ణీ కాక అటు వాణ్ణీ కాక రెంటికీ చెడ్డ రేవడినయ్యానా అని మొదట్లో ఉక్రోషంగా ఉండేది, తరువాత దానికీ అలవాటు పడ్డాను. గురు, శుక్రవారాలు సెలవు, శనివారం పనికి పోవడం, నమాజు వేళకి దుకాణం షట్టరు దించితే కూరల బుట్ట పట్టుకుని బయటే నిలబడడం, మసీదు నుంచి బాంగు వినబడబోతోందని గడియారం చూసి ముందే రికార్డింగు ఆపుకోవడం, ఇవన్నీ నెల తిరిగేసరికి ఒంటబట్టాయి.

మా ఆవిడకి ఒంటబట్టలేదు. నాకు రోజూ వెళ్లడానికి ఒక పని ఉంది, ఆవిడకి లేదు, తేడా అంతా అక్కడే. ఆ రోజుల్లో విదేశీ ఉద్యోగుల ఇళ్లన్నీ ఉన్న మా కాంపౌండ్ గేటు లోపల ఆడవాళ్లు కారు నడపవచ్చు, గేటు దాటితే పక్కసీటే. లోపల ఉన్న రోడ్డంతా పది నిమిషాల్లో అయిపోయేది. ఇల్లంతా ఏసీ రొద. దానికింద ఎవరూ మాట్లాడని రోజులు ఎలా ఉంటాయో సాయంత్రం ఇంటికొచ్చిన నాకు ఆవిడ మొహంలో కనబడేది. లండన్‌లో రోజంతా మాటలతో పనిచేసిన మనిషి అక్కడ ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిపేది. తిరుగు టికెట్టు సెప్టెంబరు చివరికి కొని ఉంది. మేమిద్దరం ఆ టికెట్టు ఊసు ఎత్తేవాళ్లం కాదు.

ఆ వేసవి మొదట్లోనే మా యూనిట్‌కి ఎండ జాగ్రత్తల చిత్రం పని వచ్చింది. బొమ్మ ఒకటే, గొంతులు మాత్రం ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తెలుగు ఇలా వేరువేరుగా. తెలుగు గొంతుకి బయటివాళ్లెందుకు, నేనున్నాను కదా అని రాసుకుని చదివేశాను. శరీరంలోని నీటి శాతం తగ్గిన ఎడల తక్షణమే పర్యవేక్షకునికి తెలియజేయవలెను, అలా సాగింది అది. ఒక సైటులో మనవాళ్లకి వేసి చూపించాం. నిజామాబాదు, కరీంనగర్ వైపు మనుషులు, రేకుల షెడ్డులో బుద్ధిగా కూర్చుని చూశారు. అయిపోయాక ఒకాయన చాలా మర్యాదగా, “మంచిగున్నది సార్, వార్తలు సదివినట్టున్నది,” అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఇంటికి వచ్చి ఆ మాట గొప్పగా మా ఆవిడకి చెప్పాను.

ఆవిడ ఆ టేపు విని చాలాసేపు నవ్వింది. తరువాత నవ్వడం మానేసి, అసలు వాళ్లు పని ఎందుకు ఆపరో మీకు తెలుసా అని అడిగింది. తల తిరుగుతోందని తెలియక కాదు, నలుగురిలో ముందుగా కూర్చున్నవాడు తానే కావడం సిగ్గు, ఫోర్‌మన్ ఏమంటాడోనని భయం, ఇంటి దగ్గర చెప్పుకుంటే పరువు తక్కువ. తన తమ్ముళ్లూ అంతేనట, జ్వరంతో కూడా పొలంలో నిలబడి ఉంటే అక్క వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొస్తే గాని నీడకి వచ్చేవాళ్లు కారట. నా కాగితం తీసుకుని అటు తిప్పి, వెనకవైపు తానే రాసింది.

ఆవిడ గొంతే రికార్డు చెయ్యాలని అప్పటికప్పుడే అనుకున్నాం. కాని స్టూడియో ఉన్నది మగవాళ్లు మాత్రమే పనిచేసే ఆఫీసులో, ఆడమనిషి లోపలికి రావడానికి అనుమతి తెప్పించేసరికి వేసవి కాస్తా గడిచిపోయేది. ఇంట్లో చేద్దామంటే ప్రతి గోడా శబ్దాన్ని తిరగ్గొట్టేది. అప్పుడు నాకు ఓవర్‌కోట్లు గుర్తొచ్చాయి. శబ్దాన్ని మింగడంలో ఉన్నిని మించింది లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం కాంపౌండ్ సద్దుమణిగాక, అలమరలో కోట్లను రెండు పక్కలకి జరిపి, మధ్యలో చిన్న స్టూలు వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. హ్యాంగరుకి మైకు కట్టాను. తలుపు మీద కంబళి కప్పాను. ఇక ఏసీ ఆపక తప్పలేదు.

జూన్ నెల ధహ్రాన్‌లో ఏసీ ఆపితే ఏమవుతుందో అక్కడ ఉన్నవాళ్లకి చెప్పనక్కరలేదు. కాసేపటికే గది పెనంలా వేడెక్కింది. అయిదు ఉన్ని కోట్ల మధ్య మా ఆవిడ చెమటతో తడిసి ముద్దయింది, మధ్యలో ఆపుదామా అంటే వద్దని చెయ్యి ఊపింది. ఇంతలో గొంతు మారింది. రేడియోలో నేను విన్న గొంతు కాదు అది, తమ్ముణ్ణి పొలంలో నుంచి లాక్కొచ్చే అక్క గొంతు: “తమ్మీ, తల తిరుగుతున్నదా, పని పక్కకు వెట్టు, నీడకు పోయి కూసో. ఎవరేమనుకుంటరో అని సూడకు. పని రేపు గూడ ఉంటది.”

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. మాటలు అయిపోయాక ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా అర నిమిషం ఆగి ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకుంటాం, తరువాత అతుకులు వెయ్యడానికి పనికొస్తుంది. ఆ రోజూ చేశాను. మేము ఆ ఇంట్లో దిగాక ఏసీ రొద లేకుండా విన్న మొదటి అర నిమిషం అది. హెడ్‌ఫోన్లలో ఆవిడ ఊపిరి తప్ప ఇంకేమీ లేదు. సెప్టెంబరు తరువాత ఇదే గదిలో ఇది కూడా వినబడదని తట్టింది, నాకు నిజంగా భయం వేసింది. ఉండిపో అని నోటిదాకా వచ్చింది. రికార్డింగు నడుస్తోంది, మాట కూడా ఇచ్చి ఉన్నాను, నోరు మూసుకున్నాను.

ఎడిటింగులో ఊపిరి చప్పుళ్లు కత్తిరించడం మాకు చేతికి పట్టిన పని, అన్నంలో రాళ్లు ఏరినట్టు ఏరేస్తాం. అన్నీ తీసేసి విన్నాను. శుభ్రంగా ఉంది, నేను చదివిన వార్తల్లాగే ఉంది. మళ్లీ అన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాను. మగవాళ్ల సైటుకి ఆడగొంతు అంతకుముందు ఎవరూ వాడలేదు, అందుకని మా చిత్రాలు చూసి సరే అనవలసిన సౌదీ ఆఫీసరు ఆ టేపును కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. ఆయనకి తెలుగు ముక్క రాదు. ఈమె కోప్పడుతోందా అని నన్ను అడిగాడు. అవునన్నాను. అయితే వింటారు, పంపించండి అన్నాడు.

సెప్టెంబరు వచ్చింది. మా ఆవిడ పెట్టె సర్దడం మొదలుపెట్టింది. లండన్‌లో దిగేసరికి చలి మొదలవుతుంది కాబట్టి తన నల్ల ఓవర్‌కోటు అలమరలో నుంచి తీసి అన్నిటికన్నా పైన మడిచి పెట్టింది. నేను పెట్టె తాళం వెతికి పక్కన పెట్టాను. ఆ వారంలోనే ఏసీ చెడిపోతే బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చాడు, జగిత్యాల వైపు మనిషి, వేసవంతా బయట సైట్లో పనిచేసి కాంపౌండ్‌కి మారినవాడు. వంటింట్లో నుంచి మా ఆవిడ నాతో ఏదో అంటూంటే నిచ్చెన మీద ఉన్నవాడు పని ఆపి, “అక్కా, టీవీల మాట్లాడింది మీరేనా?” అన్నాడు. అవునంటే నిచ్చెన దిగి వచ్చాడు. ఆవిడ వాడికి మజ్జిగ ఇచ్చి, మరి కూర్చున్నావా అని అడిగింది.

“కూసున్నక్కా. మీరు తిడితిరి గద. నేను కూసుంటే ఇంకిద్దరు గూడ కూసున్నరు.”

మా ఆవిడ నవ్వబోయి, నవ్వలేక, లోపలికి వెళ్లిపోయింది. వాడు పని ముగించుకుని వెళ్లాక పడకగదిలోకి వెళితే, పెట్టె తెరిచి ఉంది, నల్ల ఓవర్‌కోటు ఆవిడ చేతిలో ఉంది. దాన్ని దులిపి, అలమరలో దాని చోట తగిలించింది. “ఇది లేకుంటే మీ స్టూడియోల శబ్దం వస్తది,” అంది, నా వైపు చూడకుండా. ఉండిపోతున్నానని ఆవిడ చెప్పిన తీరు అదొక్కటే. నేను అలమర తలుపు పట్టుకుని ఏడ్చాను, ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

ఒప్పందం పొడిగించుకుంటూ అక్కడ ఎనిమిదేళ్లు ఉన్నాం. నిప్పు గురించి, నిచ్చెనల గురించి, కరెంటు తీగల గురించి మా ఆవిడ ఆ కోట్ల మధ్య చెమటలు కక్కుతూ చాలానే తిట్టింది. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చెయ్యకూడదు కాబట్టి ఏ చిత్రంలోనూ ఆవిడ పేరు వెయ్యలేదు. లండన్ కుర్చీలో అన్నట్టే ఇంకొకరు కూర్చున్నారు. దాని గురించి ఆవిడ బాధపడలేదని నేననను, ఏడాదికోసారి ఆ రేడియో పెట్టుకుని చాలాసేపు వినేది, వింటున్నంతసేపూ నేను ఆ గదిలోకి వెళ్లేవాణ్ణి కాదు.

ఇప్పుడు మళ్లీ లండన్‌లోనే ఉన్నాం. ధహ్రాన్‌లో ఆడవాళ్లు గేటు దాటి కూడా కారు నడుపుతున్నారట, సెలవులు శుక్ర, శనివారాలకి మారాయట, మా మరదలి కోడలు ఆఫీసుకి తానే కారు నడుపుకుంటూ వెళ్లి వస్తుందట. అవన్నీ మంచికే మారాయి, ఆ రోజులే బాగుండేవని అనడానికి నాకు నోరు రాదు. అలమరలో ఎవరూ ఉడికిపోనక్కరలేకుండా క్షణాల మీద గొంతు తయారవుతోందంటే అది కూడా సుఖమే కదా అని నాకు నేనే చెప్పుకుంటూ, ఆ వీడియో రెండోసారి పెట్టాను. వంటింట్లో నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చివరిదాకా నిలబడి వింది మా ఆవిడ.

“వీడు మధ్యల ఒక్కసారి గూడ ఊపిరి తీస్కుంటలేడు,” అంది. “చెమట పట్టనోడు ఎండ గురించి ఏం చెప్తడు.”

కూరలకి బజారు వెళ్లాలని, బయట చలిగా ఉందని, గుమ్మం పక్కన కొక్కానికి ఉన్న నల్ల ఓవర్‌కోటు తొడుక్కుంది. మోచేతుల దగ్గర ఉన్ని అరిగిపోయింది, కొత్తది కొందామంటే వినదు. తలుపు వేసుకుని ఆవిడ మెట్లు దిగిపోయాక, ఫోన్ పక్కన పెట్టి, అలవాటు కొద్దీ అర నిమిషం కదలకుండా కూర్చుని విన్నాను.