మున్షీగారు వేయించిన అమెరికా ఓటు

మా మున్షీగారు పోయిన నెల ముత్తుకూరులో కన్నుమూశారు. బస్సు కండక్టరు ఆసుపత్రి గేటు దగ్గర ఆగి ఆ కబురు చెప్పినప్పుడు నేను వార్డులో ఉన్నాను. మందులిచ్చే వేళ, ఏడవడానికి వీలు లేకపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చాను.

నెల్లూరులో మా మిషన్ ఆసుపత్రికి వచ్చే అమెరికా దొరసానులకు తెలుగు నేర్పడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే చేశారు. ఎవరైనా తప్పు మాట్లాడితే కళ్లజోడు తీసి తుడిచేవారు. ఎంతసేపు తుడిస్తే తప్పు అంత పెద్దదన్నమాట. నేను నర్సుగా చేరిన కొత్తలో డ్యూటీ దిగి ఆ పాఠాల వరండాలోనే కూర్చునేదాన్ని. నన్నూ వదిలేవారు కాదు.

అప్పుడు ఒక డాక్టరు దొరసాని ఉండేవారు. రాజకీయ పార్టీని పక్షం అంటారని విని, నిఘంటువు తిరగేసి, అందులో పక్షమంటే రెక్క అని చూసి, మర్నాడు ధీమాగా చెప్పారు: "మా దేశమునకు రెండు రెక్కలు ఉన్నవి."

నేను నవ్వబోతే మున్షీగారు చెయ్యెత్తి ఆపారు. "రెక్కలు రెండే లేమ్మా. మరి కడుపో?"

ఆవిడ మళ్లీ నిఘంటువు తిరగేశారు. "కడుపు ఒకటే. కంపెనీలు దానికి మేత వేయును."

ఆయన కళ్లజోడు తుడవలేదు.

అవి వాళ్ల ఎన్నికల రోజులు. పోస్టులో ఓటు వేసి పంపమని ఆవిడ ఊరి నుంచి కాగితం వచ్చింది. ఎవరు గెలిచినా కంపెనీలదే రాజ్యమని, తన ఓటు దండగని, ఆవిడ దాన్ని విప్పకుండానే సొరుగులో పడేశారు. నాకూ నిజమే అనిపించింది. మా దగ్గర మాత్రం? కిందటి ఎన్నికల్లో ఒక అభ్రకం కంపెనీ ఒకే రోజు ఇద్దరు అభ్యర్థులకూ జీపులు పంపింది. ఆ మాటే అన్నాను.

మున్షీగారికి కోపం వస్తే గొంతు తగ్గేది. "ఇద్దరికీ ఎందుకిస్తా ఉండారు? మీరు ఎవరికేస్తారో వాళ్లకి తెలీక గదా. ఆ గుట్టు మీ చేతిలో ఉండాది. మీరు ఇంట్లో కూర్చుంటే వాళ్లకి ఆ ఖర్చు గూడా మిగులుతుంది, అంతే."

దొరసాని ఆ కాగితం సొరుగులోంచి తీశారు. మర్నాడు ఓటు వేసి, కవరు అంటించి తెచ్చారు. గడువు దగ్గర పడింది. ఆయన వీధి డబ్బాను నమ్మక సైకిలు మీద స్టేషనుకు పోయి, మద్రాసు మెయిలుకుండే తపాలా పెట్టెలో స్వయంగా వేసి వచ్చారు. తీరా ఆవిడ ఓటు వేసిన మనిషి ఓడిపోయాడు.

"ఓడితే ఓడినాడు. నాలుగేళ్లకి మళ్లా ఓటుకి రావాల గదా, అప్పుడు చూస్తాం," అన్నారాయన, తానే పోటీ చేసినట్టు.

ఆ ధీమా నాకూ అంటింది. ఓటు దండగని ఇప్పుడు నన్ను ఎవరూ నమ్మించలేరు. ఇది ఆయన ఉండగా ఆయనతో చెప్పనందుకు బాధగా ఉంది.

దొరసాని తన దేశం వెళ్లిపోయి మూడేళ్లయింది. ఆయన పోయారని రాశాను. నిన్న జవాబొచ్చింది, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో. నా ఉత్తరం అందిన వారంలోనే అక్కడ ఎన్నికలట.

"వానలో వరుసలో నిలబడితిని. నా ముందున్న ముసలామె, ఇద్దరూ కంపెనీల మనుషులే అని చెప్పి, ఇంటికి పోవుటకు తిరిగెను. మున్షీగారి మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పితిని. సరిగా చెప్పితినో లేదో తెలియదు. ఆమె గొడుగు విప్పి, నన్ను కూడా దాని కిందికి రమ్మని, మళ్లీ నిలబడెను."