బదిలీ బాబాయి మర్చిపోయిన కుర్చీలు

బదిలీ బాబాయికి సీటు నిలవదు. ఆ పెద్దాసుపత్రిలో ఏ మూల ఏ ఖాళీ పడ్డా, నోటీసు బోర్డు మీద జిగురు ఆరకముందే ఆయన అక్కడుంటాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కాగితానికి ఆనించి. కొత్త సీట్లో చేరి రెండు మూడు నెలలైందంటే అరికాళ్ళు దురద పెట్టడం మొదలవుతుంది. ఓపీ చీట్లు, బిల్లుల కౌంటరు, రక్తనిధి, మందుల కిటికీ, ఎక్స్‌రే... ఆయన పనిచేయనిది ఆపరేషన్ థియేటరు ఒక్కటేనేమో. అక్కడా ఖాళీ పడితే కత్తి పట్టుకుని తయారవుతాడని నర్సులు నవ్వుకునేవారు.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఇన్ని సీట్లు మారిన మనిషి సీట్లో కూర్చుని ఉండగా ఎవరూ చూడలేదు. ఎప్పుడు చూసినా కౌంటరు వెనక నిలబడే ఉంటాడు. “కూర్చుంటే లేవాలి కదా, తరవాతి బదిలీకి ఆలస్యం అవుతుందని ఆయన భయం” అని పక్క సీటువాళ్ళు వ్యాఖ్యానం చెప్పేవారు. బాబాయి కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. మనిషి పొట్టి, నవ్వు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది.

ఈ బదిలీల వల్ల నిజంగా ఒళ్ళు మండేది ఒక్కరికే. ఆవిడ స్టోర్సు మేడం. నేలమాళిగలో, కిటికీ అన్నది లేని గోడౌనులో, దుప్పట్లకూ బకెట్లకూ మంచాలకూ ఆవిడే మహారాణి. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ మనిషి కంటే ముందు వస్తుంది గనక అందరికీ తాళాలమ్మ. బాబాయి బదిలీ అయినప్పుడల్లా మెట్లు దిగి ఆవిడ దగ్గరికి వచ్చేవాడు.

“కుర్చీ కావాలమ్మా, తాళాలమ్మా.”

“మొన్ననేగా పట్టుకెళ్ళారు?”

“అది రక్తనిధిలో మర్చిపోయాను.”

“అంతకుముందుది?”

“బిల్లుల దగ్గర మర్చిపోయాను.”

“గొడుగు మర్చిపోతారు, కళ్ళజోడు మర్చిపోతారు. నాలుగు కాళ్ళున్న కుర్చీని ఎలా మర్చిపోతారండీ బాబాయ్ గారూ?”

“నాలుగు కాళ్ళున్నా దానంతటది రాదు కదమ్మా. అక్కడే వచ్చింది చిక్కు.”

ఆవిడ గొణుక్కుంటూ ఒక కుర్చీ లాగి, దాని వెనక కాలికి ఆకుపచ్చ రంగు పూసి, ఇది స్టోర్సు సొత్తు, పోగొడితే మీ తోలు తీస్తాను అని చెప్పి ఇచ్చేది. ఆయన దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని, ఏదో పాత పాట శ్రుతి తప్పి పాడుకుంటూ మెట్లెక్కి పోయేవాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి స్టోర్సుకే బదిలీ పెట్టుకున్నాడు. “మోకాళ్ళు పోట్లమ్మా. మనుషులు రాని చోట పనిచేయాలనుంది” అన్నాడు. తాళాలమ్మకి నమ్మకం కలగలేదు. మూడు నెలల ముచ్చట కదా అనుకుంది. అయినా ఆయన వచ్చాక ఆ గోడౌను గోడౌనులా లేదు. ఏళ్ళ తరబడి ఆవిడకి తోడున్నది పక్కగదిలో నీళ్ళ మోటారు చప్పుడొక్కటే. ఇప్పుడు దుప్పట్లు లెక్కపెడుతూ పాట వినిపించేది. కిందటేడు ఆవిడని పడేసిన నిచ్చెన ఇప్పుడు ఆయనే ఎక్కుతున్నాడు. ఈసారి కుర్చీ కూడా అడగలేదు. పరుపుల మూట మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ టీ తాగేవాడు. బాబాయి కూర్చోవడం చూసిన మొదటి మనిషిని నేనే అని ఆవిడ క్యాంటీనులో గొప్పలు చెప్పుకుంది.

మూడు వారాలు గడిచాయో లేదో నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడింది. వెనక గదికి గుమాస్తా కావాలట. ఆసుపత్రి వెనక, జనరేటరు షెడ్డు దాటాక ఉంటుంది ఆ గది. చనిపోయినవాళ్ళని వాళ్ళ మనుషులకి అప్పగించేది అక్కడే. ఆ పనికి ఎవరూ వెళ్ళరు. అయినా క్యాంటీనులో పందేలు మొదలయ్యాయి. “సాయంత్రానికల్లా బాబాయి కాగితం పెడతాడు. పెట్టకపోతే అందరికీ టీ నాది” అని ఎక్స్‌రే అమ్మాయి కాసింది.

అందరికీ టీ పోయించాల్సి వచ్చింది. బాబాయి బోర్డు వైపే రాలేదు. ఆ కాగితం కంటపడకుండా ఉండటానికి లాండ్రీ చుట్టూ తిరిగి, తడిబట్టల కింద నుంచి వంగి వంగి గోడౌనుకి వస్తున్నాడు. తాళాలమ్మ ప్రాణం లేచి వచ్చింది. లంచంగా టీతో రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టింది.

“ఇంక కుదురు వచ్చినట్టేనా బాబాయ్ గారూ?”

“వచ్చినట్టే ఉందమ్మా” అన్నాడాయన. బిస్కెట్టు టీలో ముంచి, తీయడం మర్చిపోయాడు.

పాట ఆగిపోయింది. ఒకే దిండు గలీబుల కట్టని విప్పి లెక్కపెట్టి కట్టి, మళ్ళీ విప్పేవాడు. తాళాలమ్మకి ఆ కుదురు ఎందుకో నచ్చలేదు.

ఆ వారంలోనే ఆవిడ అత్తగారికి నడుం పట్టేసింది. ఎక్స్‌రే తీయించడానికి తీసుకొచ్చింది. అత్తగారు లోకంలో దేన్నీ మెచ్చుకోని మనిషి. ఆటో దిగిన దగ్గర్నుంచీ మెట్ల మీద, ఎండ మీద, కోడలి నడక మీద నేరాలు చెబుతూ కౌంటరు దాకా వచ్చి, అక్కడున్న కుర్చీలో కూలబడింది. కాసేపటికి, “ఈ కుర్చీ బాగుంది” అంది.

తాళాలమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అత్తగారి నోట ఆ మాట రావడం ఒక వింతైతే, కౌంటరుకి బయట కుర్చీ ఉండటం ఇంకో వింత. రోగుల వైపు కుర్చీలు ఇవ్వడం స్టోర్సు రూల్సులోనే లేదు. వంగి చూసింది. వెనక కాలికి ఆకుపచ్చ రంగు. ఇంకో కాలిని బ్యాండేజీ గుడ్డతో కౌంటరు ఊచకి కట్టేసి ఉంది.

“ఇదెవరు పెట్టారే ఇక్కడ?” అంది ఎక్స్‌రే అమ్మాయితో.

“కదపకండి మేడం, బాబాయి ఒట్టు పెట్టి వెళ్ళాడు! ఆయనకిచ్చిన కుర్చీ ఇటు వేసేసి, ఉన్నన్నాళ్ళూ తను నిలబడే పనిచేశాడు. మొదట్లో సెక్యూరిటీవాళ్ళు లాక్కుపోయేవారు, ఈయన వెళ్ళి లాక్కొచ్చేవాడు. ఇప్పుడు మేమైనా కదిపితే పేషెంట్లే ఊరుకోరు.”

అత్తగారిని లోపలికి పంపించి తాళాలమ్మ మిగతా అంతస్తులన్నీ తిరిగింది. బిల్లుల దగ్గర ఆకుపచ్చ కాలు. మందుల కిటికీ దగ్గర ఆకుపచ్చ కాలు. రక్తనిధి ముందు కుర్చీలో ఒక కుర్రవయసు తండ్రి, చిన్న పిల్ల చెప్పుల జత ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ తాళాల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని వెనక్కి వచ్చేసింది.

గోడౌనులో బాబాయి పరుపుల మూట మీద ఉన్నాడు.

“మర్చిపోయిన కుర్చీలన్నీ కనిపించాయి” అంది తాళాలమ్మ.

ఆయన దొంగతనం బయటపడిన పిల్లాడిలా చూశాడు. “వెనక్కి తెచ్చేశావా ఏమిటమ్మా?”

“తెచ్చేదాన్నే. మా అత్తగారు మెచ్చుకుంది, ఇంక ఆ జోలికి పోను. చెప్పండి. ఒక్క మాటంటే నేనే వేయించేదాన్నిగా, ఈ దేశసంచారం ఎందుకు?”

“వేస్తే సరిపోదమ్మా. రెండో రోజుకి ఎవరో ఒకరు లోపలికి లాక్కుంటారు. మూడు నెలలు కాపలా కాస్తే ఆ కుర్చీ ఆ గోడదైపోతుంది. తరవాత ఎవరూ కదపరు.” ఆయన మోకాళ్ళు నిమురుకున్నాడు. “మా ఆవిడ జబ్బుపడినప్పుడు ఈ కౌంటర్లన్నీ తిరిగాం. తను నిలబడలేదు. నేను లైన్లో ఉంటే తను గోడవార నేల మీద కూర్చునేది. ‘ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క కుర్చీకి దిక్కులేదేమిటండీ, నేను లేచి తిరిగాక ప్రతి చోటా ఒకటి వేయిస్తా, నా పేరు చెక్కించి మరీ’ అనేది. ఎగతాళి మనిషి. లేచి తిరగలేదు.”

పక్కగదిలో మోటారు తిరుగుతోంది.

“వెనక గదికి ఎందుకు పెట్టుకోలేదు?” అని అడిగింది తాళాలమ్మ.

“ఆ రోజు పొద్దున్నుంచీ ఆ తలుపు ముందు నిలబడ్డానమ్మా. అన్నాళ్ళూ నేను నిలబడితే తను కూర్చునేది. ఆ రోజు తను లోపల పడుకుంది, గోడవార కూర్చోబెట్టడానికి కూడా ఎవరూ లేరు.” పరుపు అంచున దారం పీకాడు. “అన్ని గదులూ అయిపోయి అదొక్కటే మిగిలింది. అందుకే ఇటొచ్చి దాక్కున్నాను. ఇక్కడికి ఎవరూ రారు, కుర్చీ అక్కర్లేదు. వెళ్తే ఆ తలుపు రోజూ చూడాలి. వెళ్ళకపోతే ఆవిడ రోజూ అడుగుతోంది.”

“ఏమని?”

“‘ఏమండీ, అక్కడ వేశారా?’ అని.”

చేరి ఏడాది తిరగకుండా ఇంకో సీటుకి వెళ్ళాలంటే పైవాళ్ళ సంతకం కావాలి. బాబాయికి పైవాళ్ళంటే తాళాలమ్మే. పెట్టనంటే చాలు. ఆయనకి ఆ తలుపు తప్పుతుంది, ఆవిడకి ఆ నిచ్చెన తప్పుతుంది. ఇద్దరికీ హాయి. ఆవిడ నిచ్చెన వంక చూసింది. బాబాయి వంక చూసింది. పరుపు మీద మెత్తగా కూర్చున్న ఆ మనిషి, ఇన్నాళ్ళూ నిలబడిన మనిషికంటే అలిసిపోయి కనిపించాడు.

“కాగితం రాయండి, సంతకం పెడతాను.”

“నాకు భయంగా ఉందమ్మా.”

“ఉంటుంది. అందుకే ఈసారి రెండు కుర్చీలిస్తాను. ఒకటి బయటికి, ఒకటి మీకు. ఒప్పుకుంటేనే సంతకం. భయం వేస్తే కూర్చుని భయపడండి, మోకాళ్ళైనా మిగులుతాయి.”

బాబాయి నవ్వబోయాడు. నవ్వు సగంలో తడిసిపోయింది. జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు. అదీ ఎక్కడో మర్చిపోయాడు. తాళాలమ్మ కొత్త గలీబు ఒకటి తీసి ఇచ్చింది.

ఆయన వెళ్ళిపోయాక గోడౌను మళ్ళీ మోటారు పాలైంది. తాళాలమ్మ చీర కొంగు దోపుకుని, నిచ్చెనని నాలుగు తిట్టి, తనే ఎక్కింది. మధ్యాహ్నం రెండు కప్పులు కడిగి, ఒకటి మళ్ళీ బోర్లించింది. కొన్నాళ్ళకి బోర్డు మీద ఇంకో కాగితం పడింది, లాండ్రీలో ఖాళీ. క్యాంటీనంతా కాచుకు కూర్చుంది. బాబాయి రాలేదు.

ఒక రోజు మాత్రం మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది.

“కుర్చీ కావాలమ్మా, తాళాలమ్మా.”

ఆవిడ లెక్కల పుస్తకం మూసేసింది. “మళ్ళీనా! ఎక్కడికి? ఆ రెండూ ఏమయ్యాయి, మర్చిపోయారా?”

“లేదమ్మా, అక్కడే ఉన్నాయి, నేనూ అక్కడే. పొద్దున్న అన్నదమ్ములిద్దరొచ్చారు, ముసలివాళ్ళు. తల్లి పోయింది. ఒకణ్ణి కూర్చోబెట్టి ఒకణ్ణి నిలబెట్టలేకపోయాను. నాది కూడా ఇచ్చేశాను. ఆ గదికి ఎవరూ ఒంటరిగా రాకూడదమ్మా. బయట రెండుండాలి.”

తాళాలమ్మ గోడౌనంతా కలయజూసింది. ఒక్క కుర్చీ మిగల్లేదు. లేచి, తను కూర్చున్న కుర్చీనే ముందుకు తోసి, వెనక కాలికి ఆకుపచ్చ రంగు పూసింది.

“ఇది నీది కదమ్మా! మరి నువ్వు?”

“మీ పరుపుల మూట ఉందిగా. ఈ కుర్చీలో మాత్రం మీరే కూర్చోవాలి. చూడ్డానికి వస్తాను.”

“రేపు పైవాళ్ళొచ్చి నీ కుర్చీ ఏదంటే?”

“ఎక్కడో మర్చిపోయానంటాను.”

“నాలుగు కాళ్ళున్నదాన్ని ఎలా మర్చిపోయావంటారు.”

“దానంతటది రాదు కదండీ, అక్కడే వచ్చింది చిక్కు, అంటాను.”

వరండా చివరిదాకా వినిపించే ఆ నవ్వు చాలా రోజులకి నేలమాళిగలో మోగింది. బాబాయి కుర్చీని బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు. ఆకుపచ్చ కాలు పైకి లేపుకుని, శ్రుతి తప్పి పాడుకుంటూ, ఆరని రంగు చెవికి అంటుకున్న సంగతి తెలియకుండా మెట్లెక్కి పోయాడు.