పాఠకుల జాబితాలో కొట్టేసిన పేరు

2010 జూన్‌లో నన్ను తార్నాకలోని ఒక చర్చి సంఘానికి ప్రెస్బిటర్‌గా, అంటే పాస్టర్‌గా, బదిలీ చేశారు. ప్రసంగం, సంస్కారాలు, రోగుల పరామర్శ, అన్నీ ప్రెస్బిటర్ బాధ్యతలే. ఆదివారం ఆరాధనలో బైబిలు పాఠం ఎవరు చదవాలో కూడా ఆయన సంతకంతోనే ఖాయమవుతుంది. సంఘ కార్యదర్శి మూడు నెలలకోసారి పాఠకుల జాబితా రాసి తెస్తాడు.

మాది గుంటూరు వైపు. గొంతు విషయంలో నాకు పొగరుండేది, దాచడమెందుకు. ఎక్కడ పనిచేసినా, అయ్యగారు చదివితే వినాలి అనేవారు. తార్నాకలో ఆ మాట నాకు దక్కలేదు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ హాస్టల్లో ఉండే ప్రభుదాస్‌కు దక్కింది. మెదక్ వైపు పల్లెటూరివాడు. గొంతు సన్నం, మధ్యమధ్యలో ఆగుతాడు. అయినా అతను పాత నిబంధన పాఠం చదువుతుంటే చంటిపిల్లల తల్లులు కూడా కదిలేవారు కాదు. ఆ తర్వాత నేను లేచి అరగంట ప్రసంగించేవాణ్ణి. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అందరూ నాతో చేతులు కలిపి, పాఠం గురించే మాట్లాడేవారు. నాకు ఒళ్లు మండేది.

అవి తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ఊపేస్తున్న రోజులు. ఒకరోజు బంద్, మరోరోజు గేట్ల దగ్గర పోలీసులు. హాస్టల్ విద్యార్థులు వేళకు రాలేకపోవచ్చునని కార్యదర్శికి చెప్పి, ప్రభుదాస్ పేరు కొట్టేశాను. నిజానికి అతను ఒక్క ఆదివారం కూడా ఆలస్యంగా రాలేదు.

ప్రభుదాస్ నేను ఆరాధన అంగీ మార్చుకునే గదికి వచ్చి, "నేను మీటింగులకు పోతున్న అనా అయ్యగారు?" అని అడిగాడు. అవుననలేదు, కాదనీ అనలేదు. నెపం ఉద్యమం మీదికి పోవడం నాకు హాయిగానే ఉంది.

ఆ నెలలోనే సీతాఫల్‌మండిలో మంచాన పడిన సాలమ్మకు ప్రభు భోజన సంస్కారం ఇవ్వడానికి వెళ్లాను. హాస్టల్ గదులు ఊడ్చి రిటైరైన మనిషి, అక్షరం ముక్క రాదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు పాఠం చదివాను. ఆమె ఓపిగ్గా విని, "మీరు మంచిగనే సదువుతరు అయ్యగారు. ప్రభుదాస్ పేరు ఎందుకు తీసేసిన్రు?" అంది. నేను పుస్తకం మూశాను. ఆమే చెప్పుకుపోయింది. "శనివారం శనివారం గీడికొచ్చి నాకు సదువుతడు. సమజైందా పెద్దమ్మా అని అడుగుతడు. కాలేదంటే ఆగి మళ్ల సదువుతడు. పేరు తీసేసినా రాకుండ ఉంటలేడు."

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను ఏ పాఠాన్నీ ముందుగా ఒకరికి చదివి వినిపించలేదు. వేదికెక్కాకే పేజీ తిప్పేవాణ్ణి. ప్రభుదాస్ ఆగితే బెరుకనుకున్నాను. సాలమ్మకు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆగేవాడన్నమాట. ఇంటికి వచ్చాక కూడా అసూయ తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

మర్నాడు అతని పేరు మళ్లీ రాయించాను. కార్యదర్శి కారణం అడిగితే బంద్‌లు తగ్గాయన్నాను. ఏమీ తగ్గలేదు. ప్రభుదాస్ వచ్చి థాంక్స్ చెప్పాడు. అప్పుడైనా అసలు సంగతి చెప్పవలసింది, నోరు రాలేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, శనివారం పూట చదువు రాని ఒకరిని వెతుక్కుని ఆదివారం పాఠం వినిపించాను. నేను పాఠం చదివే తీరు మెరుగైందని జనం మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, అనుభవమండీ అన్నాను. చూసి ఓర్వలేకపోయిన మనిషి దగ్గర కూడా పని నేర్చుకోవచ్చు. అతని పేరు చెప్పడమే కష్టం.