అరవకుండా మార్చాల్సిన పాస్‌వర్డ్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్లలో యార్డులున్న ఒక కూరగాయల కంపెనీలో నాది కంప్యూటర్ల పని. తూకానికి ఒక సిస్టమ్, గోడౌనుకు ఒకటి, హాజరుకు ఇంకొకటి. మూడింటికీ వేరువేరు పాస్‌వర్డ్‌లు, అవీ నెలనెలా మార్చాలి. ఒకటో తారీఖు వచ్చిందంటే నా ఫోనుకు ఊపిరాడేది కాదు. విసుగొచ్చి ఒక పేజీ తయారుచేశాను. ఒక్కచోట మారిస్తే చాలు, మూడుచోట్లా మారిపోతుంది. పెద్ద అక్షరాలు, తెలుగులో సూచనలు, పక్కవాళ్లు చూసినా తెలియకుండా చుక్కలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మదనపల్లెలో, కుప్పంలో బాగానే నడిచింది. పుంగనూరులో మేనేజరు ఎదుట కాటా అన్న కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా రైతుల టమోటాలు తూకం వేస్తున్న మనిషి. ఏ అంకె రాసినా గట్టిగా అరిచి రాస్తాడు, రైతు చెవిన పడాలని. పాస్‌వర్డ్‌ను కూడా అక్షరం అక్షరం అరిచి కొట్టాడు. లారీ దగ్గరున్న హమాలీలు కూడా విన్నారు.

"మనసులో అనుకోన్నా!" అని బతిమాలాను.

"మనసులో అనుకుంటే సెయ్యి ఆడదమ్మా."

మళ్లీ మార్పించాను. మళ్లీ అరిచాడు. మూడోసారికి హమాలీలు వంత పాడారు. మేనేజరుకు ఒళ్లు మండింది.

"రేపట్నించి నువ్వు గేటుకాడ ఉండు" అన్నాడు.

అన్న ముఖం వాడిపోయింది. నామీద నాకే కోపమొచ్చింది. పక్కవాళ్ల కళ్లకు గంతలు కట్టాను గానీ ఈయన నోటి సంగతి ఆలోచించనే లేదు.

మర్నాడు కాటా దగ్గర కొత్తమనిషి నోరు మెదపకుండా అంకెలు కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి రైతు ఒక బాక్సు తూయించి రెండోది దించలేదు.

"మాకు ఇనపడందే ఎట్ల నమ్మేదప్పా?"

వెనకాల ఉన్నవాళ్లూ దించలేదు. మేనేజరు తెర చూపించాడు, బుజ్జగించాడు. ఎండ ఎక్కింది. చివరికి తనే గేటు దగ్గరికి వెళ్లి అన్నను పిలుచుకొచ్చాడు. వారంలో నా పేజీ బాగుపడకపోతే అన్న మళ్లీ గేటుకేనని నాతో చెప్పాడు. అప్పటిదాకా కొత్తమనిషి కొట్టాలి, అన్న అరవాలి.

వారమంతా కూర్చుని పేజీ మార్చాను. ఇక టైపు చేసే పనే లేదు. చిన్న గాజుపలక మీద వేలు పెడితే మూడు సిస్టమ్‌లూ తెరుచుకుంటాయి. అన్న బొటనవేలు పెట్టబోయి ఆగాడు.

"దీనికేమని అరిసేదమ్మా?"

"ఏమీ అరవద్దన్నా."

"అరవకుండా సేస్తే దొంగతనం మాదిరి ఉంటాది" అన్నాడు. కాసేపు ఆలోచించి, "నా బొటనేలు!" అని యార్డంతా అదిరేలా అరిచి పెట్టాడు.

నాకు నవ్వాగలేదు. విన్నవాళ్లు మాత్రం దాన్నేం చేసుకుంటారు? మూడు సిస్టమ్‌లూ తెరుచుకున్నాయి. వరుసలో ముందున్న రైతు బాక్సు ఎత్తి కాటా మీద పెట్టాడు.