మా పెద్దబాపు అమావాస్య

నిన్న టీవీలో ఇద్దరు పంతుళ్ళు అమావాస్య నుంచి లెక్కపెట్టి తొమ్మిదో నాటి సద్దుల బతుకమ్మ ఏ రోజు ఆడాలన్న దాని మీద చాలాసేపు కొట్లాడుకున్నారు. అమావాస్య మధ్యాహ్నం తగిలినా ఆనాటి నుంచే లెక్క అంటాడు ఒకాయన, సూర్యోదయానికి ఉన్నదే తిథి అంటాడు ఇంకొకాయన. నాకు చంద్రుడి మీద ఏ కోపమూ లేదు. పాపం, ఆయన దారిన ఆయన పెరుగుతాడు, తరుగుతాడు. ఆయన పేరు చెప్పి ఇళ్ళలో పెత్తనం చేసే మగమహారాజులంటేనే నాకు ఒళ్ళు మంట. నేనెరిగిన వాళ్ళలో మొదటివాడు మా నాయినకు అన్న, మా పెద్దబాపు.

లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్ళో తన మాటే వేదమని ఆయన నమ్మకం. అరవై తొమ్మిది ఉద్యమంలో జనగామ ఊరేగింపులో ముందు వరుసన నడిచానని చెప్పుకునేవాడు. ఆ రోజు ఆయన బావి దగ్గర మోటారు బాగుచేయిస్తున్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఉద్యమం చల్లారిన కొన్నేళ్ళకు పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయి, కిరాణా సావుకారి తనకు ఓటు వేయలేదని పగబట్టాడు. ఊరు పండుగలన్నీ ఆ సావుకారి ఇంట్లో పంచాంగం చూసే చేసుకునేది. అది బెజవాడలో అచ్చయింది. ఆ ఏడు బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, మా పెత్రమాస, రెండు రోజుల మీదికి పాకింది. సావుకారి లెక్కకు సద్దుల బతుకమ్మ బుధవారం వచ్చింది. పెద్దబాపుకు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. "జై తెలంగాణ అన్న ఊర్లె ఆంధ్రోళ్ల అమాస ఎట్ల నడుస్తది? మన సద్దులు బేస్తారమే" అని గురువారానికి జరిపాడు. ఆకాశంలో ఆంధ్రా చంద్రుడొకడు, తెలంగాణ చంద్రుడొకడు ఉన్నారని మాకు అప్పుడే తెలిసింది. మా నాయిన చుట్ట ముట్టించుకుని పొలం పోయాడు.

నలిగిపోయింది మా అక్క. గార్ల ఊరికి ఇచ్చిన పిల్ల. మొదటి ఏడు అత్త పంపనే లేదు. ఈసారి బుధవారం ఆడి, గురువారం పొద్దున్నే మరిది వెంట తిరిగి రావాలన్న షరతు మీద పంపింది. అక్క పొద్దున్నే గునుగు, తంగేడు కోసుకొచ్చి నడుమెత్తు బతుకమ్మ పేర్చింది. సాయంత్రం ఎత్తుకుని బయలుదేరితే, పెద్దబాపు దర్వాజకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దబాపూ, పొద్దుగాల మా మరిది వస్తడు. నాకు గీ ఒక్క దినమే ఉన్నది" అన్నది అక్క.

"నీ కోసం చంద్రుడు జరుగుతడా బిడ్డా? ఇంట్లకు పో."

ఓట్ల పగ కోసం చంద్రుణ్ణి ఒక రోజు జరిపిన మనిషి సిగ్గు లేకుండా అన్న మాట ఇది. అక్క బతుకమ్మను వాకిట్లోనే దించింది. గోడ అవతల సావుకారి వాడకట్టు ఆడవాళ్ళ పాట వినిపిస్తుంటే, దానికి చప్పట్లు కలుపుతూ ఒక్కతే చుట్టూ తిరిగింది. అమ్మా నేనూ కొంగులు దోపుకుని వెళ్ళి కలిశాం. ఆయన మంచం మాత్రం కదలలేదు.

మర్నాడు అక్క వెళ్ళిపోయాక డప్పులు పెట్టించి తన సద్దులు జరిపించుకున్నాడు. ఆ తర్వాత అత్త పంపుతానన్నా అక్క బతుకమ్మకు పుట్టింటికి రాలేదు. ఇప్పుడు అడ్డుకునేవాళ్ళు లేరు, అక్క మోకాళ్ళే తిరగనివ్వవు. పెద్దబాపు తద్దినానికి తిథి చూసే తీరిక ఆయన కొడుకులకు లేదు, వీలైన ఆదివారం కానిచ్చేస్తారు. చచ్చినవాడి కోసం కాలం అట్లా ఎటైనా జరుగుతుంది. వయసులో ఆడపిల్ల అడిగిన ఒక్క దినం మాత్రం పోయిందంటే పోయిందే.