బడి బయటి పిల్ల

తిరుపతిలో నర్సింగ్ పాఠాలు చెబుతూ, ఐరాల మండలంలో ఆడపిల్లల రక్తహీనత మీద పరిశోధన మొదలుపెట్టిన రోజులవి. ఊళ్లోని పిల్లలకూ, ఊరి చివరి కాలనీ పిల్లలకూ రక్తంలో ఎంత తేడా ఉందో చూడడం నా పని. అందరికీ హైస్కూల్లోనే వారం వారం ఐరన్ మాత్రలిచ్చేవారు.

కాలనీ నుంచి వచ్చే ఒక తొమ్మిదో తరగతి పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి భయపడ్డాను. సున్నం కొట్టినట్టుంది. వేసవి సెలవులయ్యాక వెళితే ఆ పిల్ల బళ్లో లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి చేరిందన్నారు.

ఇంటికి వెళ్లాను. గడప మీద కూర్చుని ఆయాసపడుతోంది.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"బడికి పోతేనే కదా మేడమ్ ఇచ్చేది. నాకు యాడిస్తారు?"

ఆరోగ్య కేంద్రంలో అడిగితే, బడి మానేసినవాళ్లు అంగన్‌వాడీ కిందికి వస్తారన్నారు. అక్కడి టీచరేమో, "మాకు స్టాకే రాలేదు మేడమ్, నేనేం సేసేది?" అంది. విసిగిపోయి నా గైడుకు ఫోన్ చేశాను.

"మీ పరిశోధన బడి పిల్లల మీద కదమ్మా. ఆ అమ్మాయిని వదిలేయండి" అన్నారాయన.

ఏరి పారేయడానికి ఆ పిల్లేమన్నా బియ్యంలో రాయా? ఒళ్లు మండిపోయింది.

మర్నాడే తల్లీకూతుళ్లను చిత్తూరు ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ అడిగితే అప్పుడు నోరు విప్పింది ఆ పిల్ల, బహిష్టు నెలలో సగం దినాలు ఆగదని.

"ముందే చెప్పుండొచ్చు కదమ్మా?" అన్నాను.

"బళ్లో అందరూ సార్లే మేడమ్. ఎవురికి సెప్పేది?"

తల్లి తల దించుకుంది. "పెండ్లయితే అదే సరిపోతాదిలే అన్నారు మావోళ్లు."

రక్తం ఎక్కించారు, మందులిచ్చారు. మొహంలోకి కాస్త కళ వచ్చింది. పని పోతే మళ్లీ దొరకదని వాళ్ల నాయన తొందరపెడితే, ఆ పిల్ల తిరిగి ఫ్యాక్టరీకే వెళ్లింది. బడి మాట ఎత్తితే నవ్వి, అన్నం క్యారియర్ పట్టుకుని పనికి బయల్దేరింది.

బడి మానేసినవాళ్లనూ పరిశోధనలో చేర్చుకుంటానని కాలేజీకి రాసి ఇచ్చాను. అలాగైతే అనుమతులన్నీ మొదటినుంచీ తెచ్చుకోవాలన్నారు. గైడు వద్దన్నా తెచ్చుకోవడానికే సిద్ధపడ్డాను. ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

మొన్న కాలనీకి వెళితే పక్కింటామె తన కూతుర్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ఈ పాపకూ కండ్లు తిరగతా ఉండాయి. ఒకపారి సూడు మేడమ్."

ఏం చదువుతున్నావని అడిగాను. ఆ పిల్ల కాలి బొటనవేలితో నేల గీకుతూ, "మానేసినాను" అంది.